మెదక్‌కు ఒక్కరోజు ప్రయాణం: చర్చి చూసి తిరిగి రావడమేనా?

కూకట్‌పల్లి నివాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తెనాలి దగ్గరి పల్లెలో నలభై ఏళ్లకు పైగా మాగాణి సాగు చేసిన మా నాన్నగారు, అమ్మ పోయిన తరువాత పొలం కౌలుకిచ్చి కూకట్‌పల్లిలో మా దగ్గరికి వచ్చేశారు. ఆయనకు ఇప్పుడు 74 ఏళ్లు. ఆరోగ్యం పరవాలేదు గాని మోకాళ్లు సహకరించవు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, మా ఐదో అంతస్తు బాల్కనీలోంచి చూస్తే ఆయన కంటికి పచ్చగా కనిపించేది పక్కింటివారి కుండీలోని తులసి మొక్క ఒక్కటే. ఈ నవంబరు నెలాఖరు శనివారం ఆయననూ, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయినీ కారులో ఎక్కడికైనా తీసుకువెళ్లి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలని అనుకుంటున్నాను.

మెదక్ అన్నది మా అమ్మాయి ఎంపిక. స్నేహితురాలి ఫోనులో చర్చి ఫొటో చూసిందట. ఆఫీసులో ముగ్గురిని అడిగితే ముగ్గురూ ఒకే మాట చెప్పారు: చర్చి చూసి, ఫొటోలు దిగి, వెనక్కి వచ్చేయండి, రెండు గంటల పని అని. రెండు గంటల పనికి రానుపోను దాదాపు 200 కిలోమీటర్లు తిరగడం నాకు మనస్కరించడం లేదు. అక్కడ కోట ఉందని, ఏడుపాయల ఉందని, పోచారం చెరువు ఉందని విన్నాను. ఇవన్నీ ఒకే రోజులో కుదురుతాయా, కుదరకపోతే దేనిని వదులుకోవాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన కోట ఎక్కగలరా, నర్సాపూర్ మీదుగా వెళ్లడం మేలా లేక నాగపూర్ రహదారి పట్టుకుని రామాయంపేట దగ్గర తిరగడం మేలా అన్నవి నా సందేహాలు. ఒక్క మనవి: అన్నీ బాగుంటాయని మాత్రం రాయకండి, ఏది అనవసరమో కూడా చెప్పండి.

మంజీర ఒడ్డు

మాది పాపన్నపేట మండలం. ఉద్యోగరీత్యా ఇరవై రెండేళ్లుగా ఈసీఐఎల్ దగ్గర ఉంటున్నా, నాట్లకూ కోతలకూ ఊరికి వెళ్లకుండా ఉన్న సంవత్సరం లేదు. మీ నాన్నగారు వరి రైతు అని రాయకపోయి ఉంటే నేనూ మీ ఆఫీసు మిత్రుల మాటే చెప్పి ఊరుకునేవాడిని. వరి పండించినవారిని వెంటబెట్టుకుని వస్తున్నారు కాబట్టి, చర్చితో కాకుండా నీళ్లతో మొదలుపెట్టండి.

నర్సాపూర్ దారినే రండి. గండిమైసమ్మ, దుండిగల్ దాటిన తరువాత నర్సాపూర్ అడవి వస్తుంది. ఆ కాస్త దూరం కిటికీ అద్దాలు దించుకోవచ్చు. సీతాఫలాల కాలం అప్పటికి అయిపోతుంది గాని కాల్చిన మక్క కంకులు దొరుకుతాయి. కొల్చారం మండలంలో పోతంశెట్టిపల్లి చౌరస్తా దగ్గర మెదక్ రోడ్డు వదిలి ఎడమకు తిరిగితే ఏడుపాయల చేరుకుంటారు. మంజీర అక్కడ ఏడు పాయలుగా చీలి, బండరాళ్ల మధ్యనుంచి పారి, మళ్లీ ఒక్కటవుతుంది. ఆ పాయల నడుమ వనదుర్గమ్మ గుడి. శివరాత్రికి మూడు రోజుల జాతర జరుగుతుంది. ఆ మూడు రోజులు తప్ప ఎప్పుడైనా రావచ్చునని కొందరంటారు, ఆ మూడు రోజులే రావాలని మా అమ్మ అంటుంది. వరద వచ్చినప్పుడు గుడిలోకి నీళ్లు చేరి, అమ్మవారి ఉత్సవమూర్తికి రాజగోపురం దగ్గరే పూజలు చేస్తారు. నవంబరు చివరికి సాధారణంగా ఆ ఇబ్బంది ఉండదు. అయినా పాయల్లోకి దిగి ఫొటోలు తీయించుకునే సరదా మాత్రం పిల్లలకు వద్దని గట్టిగా చెప్పండి. పైనుంచి నీళ్లు వదిలితే రాళ్ల మీద నిలబడినవారికి ఒడ్డు చేరే వ్యవధి ఉండదు.

మీ నాన్నగారికి చూపించవలసింది గుడికి ఎగువన ఉంది. ఘనపురం ఆనకట్ట. 1905లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో కట్టారు. ఇప్పుడు వనదుర్గా ప్రాజెక్టు అంటున్నారు గాని మా ఊళ్లలో అందరికీ అది ఘనపురమే. దాని నుంచి రెండు కాలువలు బయలుదేరతాయి: ఒకటి మహబూబ్ నహర్, రెండోది ఫతే నహర్. ఈ రెండింటి కింద ఇరవై వేల ఎకరాలకు పైగా వరి పండుతుంది. చూడడానికి అందులో ఆర్భాటమేమీ ఉండదు, ఎత్తు లేని రాతికట్ట, దాని మీదుగా జారే నీళ్లు, అంతే. కృష్ణా డెల్టా కాలువల కింద వ్యవసాయం చేసిన మనిషికి మాత్రం ఆ కట్టను చూడగానే చాలా విషయాలు అర్థమవుతాయి. ఎందుకంటే ఇది ఎక్కువ నీటిని నిలువ చేసుకునే డ్యాము కాదు; పై నుంచి వచ్చిన దాన్ని కాలువలకు మళ్లించే కట్ట మాత్రమే. పైన సింగూరు జలాశయం ఉంది. సింగూరు గేటు ఎత్తితేనే మా నారుమడి తడుస్తుంది.

ఇక్కడ మీ కూకట్‌పల్లి ప్రస్తావన కూడా తేవాలి, ఏమీ అనుకోకండి. హైదరాబాదుకు మంజీర నీళ్లు 1960ల నుంచి, సింగూరు నీళ్లు 1990ల నుంచి తాగడానికి వెళ్తున్నాయి. కృష్ణ, గోదావరి జలాలు పైపుల్లో రాకముందు నగరం పడమటి వైపు కుళాయిల్లో వచ్చినవి చాలావరకు ఈ నీళ్లే. వానలు లేని ఏడాది పట్నం దాహం ముందు, పంట తరువాత అన్నారు. అది న్యాయమేనని నేనూ ఒప్పుకుంటాను, కాని సింగూరు నుంచి నీళ్లు వదలమని అడగడానికి మా పెదనాన్న వంటివారు ఎన్నిసార్లు మెదక్ రోడ్డెక్కారో లెక్క లేదు. మీ అమ్మాయికి ఇది కూడా చెప్పండి.

ఒక హెచ్చరిక. నవంబరు చివరి వారమంటే వానకాలం పంట కోతలు ముగిసి, వడ్లు కొనుగోలు కేంద్రాలకు చేరే సమయం. కల్లాలు చాలక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, బళ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పెడతారు, సాయంత్రం కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పుతారు. చీకట్లో ఆ నల్ల కుప్ప కనిపించదు. ఏటా ప్రమాదాలు జరుగుతూనే ఉంటాయి. అందువల్ల పల్లె రోడ్ల మీది ప్రయాణమంతా పగటిపూటే ముగించుకోండి. వడ్ల మీదుగా కారు నడపకండి, ఎదురుగా బండి వస్తుంటే ఆగి దారి ఇవ్వండి. అవి ఒకరి ఆరు నెలల కష్టం.

పాతరాళ్లు

పైవారు రాసిన దానికి కోట గురించి కొంత చేరుస్తాను. మెదక్ కోటను కాకతీయ ప్రతాపరుద్రుడి కాలానికి చెందినదిగా చెబుతారు. ఆ తరువాత బహమనీల చేతికి, కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. పైన కనిపించే మసీదు 17వ శతాబ్దంలో కుతుబ్‌షాహీలు కట్టించినది. ఎక్కే దారిలో మూడు ప్రధాన ద్వారాలున్నాయి: ప్రథమ ద్వారం, పైన రెండు సింహాలున్న సింహద్వారం, రెండు వైపులా ఏనుగులు పెనవేసుకున్న గజద్వారం. ప్రవేశం దగ్గర రెండు తలల గండభేరుండం కూడా ఉంది, పైకి చూడకుండా నడిచేవారు దాన్ని తప్పిపోతారు. గోల్కొండను చూసిన కళ్లతో ఇక్కడికి రాకండి. ఇక్కడ దీపాలూ లేవు, ధ్వని ప్రదర్శనలూ లేవు, కొన్ని చోట్ల ముళ్లపొదలు దారికి అడ్డం వస్తాయి. నాకు నచ్చింది అదే. శనివారం పూట కూడా గోడ మీద చెయ్యి ఆనించి నిశ్శబ్దంగా నిలబడవచ్చు.

మీ నాన్నగారి విషయం నిర్మొహమాటంగా చెబుతాను: పైదాకా వద్దు. మెట్లు, వాలు రాళ్లు కలగలిసిన దారి అది. ఎక్కడం కంటే దిగడం మోకాళ్లకు ఎక్కువ కష్టం. మొదటి ద్వారం వరకు తీసుకువెళ్లి అక్కడ నీడలో కూర్చోబెట్టండి. పైన ఏముందంటే, పాత ఫిరంగి, కూలిన కట్టడాలు, వాటి మధ్య ధాన్యం నిలువ చేసిన కొట్లు ఉన్నాయి. ముట్టడి వస్తే నెలల తరబడి తలుపులు మూసుకుని కూర్చోవాలి కాబట్టి, గిరిదుర్గానికి నీటి తొట్టి తరువాత ధాన్యపు కొట్టే ముఖ్యం. ఈ కొండ మీది నుంచి చుట్టూ చూస్తే వరిమళ్లూ చెరువులూ తప్ప ఇంకేమీ కనిపించవు. ఆ కొట్లు నిండింది ఆ మళ్లతోనే.

దీనికి ముడిపడిన సంగతి ఒకటుంది. మెదక్ అన్న పేరు "మెతుకు" నుంచి వచ్చిందని, కోటను మెతుకుదుర్గం అనేవారని ఈ ప్రాంతంలో ఎవరిని అడిగినా చెబుతారు. మెతుకు సీమ అన్న మాట పత్రికల్లో నేటికీ రాస్తారు. నిజాం కాలపు కాగితాల్లో గుల్షనాబాద్ అన్న పేరు కూడా నడిచింది. ఊరి పేర్లకు చెప్పే ఇటువంటి వివరణలను నేను సామాన్యంగా నమ్మను, ఎందుకంటే పేరు ముందు పుట్టి కథ తరువాత పుట్టిన ఊళ్లే ఎక్కువ. అయితే పూలతోటల నగరమన్న అర్థమిచ్చే దర్బారు పేరు కాగితాల్లోనే మిగిలిపోయి, అన్నపు మెతుకు పేరు జనం నోట నిలిచిపోవడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

సమయం మిగిలితే దారిలో కొల్చారంలో నల్లరాతి పార్శ్వనాథుడి నిలువెత్తు విగ్రహం చూడండి. పోచారం ఈసారికి వదిలేయండి. 1922 నాటికి పూర్తయిన ఆ కట్ట 2025 ఆగస్టు చివరి కుంభవృష్టికి కూడా నిలబడింది, చూడదగినదే. కాని అది మెదక్‌కు అవతలి వైపు ఉంది, పైగా దాని అందమంతా అలుగు దూకేటప్పుడే.

బొల్లారం బామ్మ

చర్చి రెండు గంటల పని అన్నవారి మీద నాకు కోపం లేదు, వాళ్లు బహుశా సాయంత్రం ఆరు గంటలకు వెళ్లి ఉంటారు. ఆ చర్చిని ఎండ ఉండగానే చూడాలి. లోపలి రంగుటద్దాల కిటికీలు మూడు: ఒకదానిలో యేసు జననం, ఒకదానిలో శిలువ, ఒకదానిలో ఆరోహణం. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన. బయట వెలుతురు ఉంటేనే లోపల బొమ్మ కనిపిస్తుంది. పొద్దుగూకితే అద్దం నల్లబడిపోతుంది, ఎన్ని దీపాలు వెలిగించినా ప్రయోజనం ఉండదు. ఆదివారం ఉదయం ఆరాధన జరుగుతుంది కాబట్టి మీరు శనివారం ఎంచుకోవడం మంచిదే. క్రిస్మస్ దగ్గరపడిన కొద్దీ జనం పెరుగుతారు, ఆ రోజైతే కారు ఊరి బయటే ఆపి నడవవలసి వస్తుంది.

ఇక కథ. చార్లెస్ వాకర్ పోస్నెట్ అన్న మెథడిస్టు పాదిరి 1895లో సికింద్రాబాద్ వచ్చి, మొదట తిరుమలగిరి దండులో బ్రిటిష్ సైనికుల మధ్య పనిచేసి, ఆ తరువాత మెదక్ వైపు పల్లెల్లోకి వెళ్లారు. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. మొన్న 2024లో నూరేళ్లు నిండాయి. గంటల గోపురం ఎత్తు 175 అడుగులు. లోపల ఒకేసారి దాదాపు 5 వేల మంది కూర్చోవచ్చు. నేలమీది పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, వాటిని పరిచింది ఇటలీ పనివాళ్లు. గోపురం చార్మినారు కంటే ఎత్తని తెలిసి నిజాము కోపగించుకున్నారన్న కథ మీకు అక్కడ తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. విని నవ్వుకుని వచ్చేయండి.

నేను చెప్పదలచుకున్నది వేరే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో కరువు పడింది. ఊరికే గంజి పోయడానికి బదులు పని ఇచ్చి తిండి పెట్టాలని పోస్నెట్ అనుకున్నారట. పదేళ్లూ కరువే ఉందని కాదు గాని, మొదలుపెట్టినప్పుడు చేరినవాళ్లలో చాలామంది బువ్వ కోసం చేరినవాళ్లే. మా నాయనమ్మ వాళ్ల అత్త తల మీద రాళ్ల తట్ట మోసిందని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు. ఆమె ఏ మతస్థురాలు అని చిన్నప్పుడు నేను అడిగితే, మా నాయనమ్మ "ఆకలిగొన్నది" అని ఒక్క మాట అంది. లోపలి బూడిదరంగు స్తంభాలను చూసినప్పుడల్లా ఎవరి మొక్కు, ఎవరి డబ్బు అన్నదానికంటే ముందు, ఒక్కో రాయికి ఎన్ని పూటల అన్నం పడిందో అని నాకు లెక్కలు వస్తుంటాయి. పాతరాళ్లు గారు మెతుకు పేరును నమ్మనంటున్నారు. ఆయన చదువుకున్నవారు, నాకు ఆ పేరును నమ్మడమే ఇష్టం.

చెప్పులు బయట వదలండి, లోపల గట్టిగా మాట్లాడవద్దని పిల్లకు చెప్పండి. వెనక బెంచీ మీద మీ నాన్నగారిని కాసేపు ఒంటరిగా కూర్చోనివ్వండి.

బస్సుపాస్

కారు లేనివారు ఎవరైనా ఇది చదువుతుంటే: 2022 నుంచి అక్కన్నపేట మీదుగా మెదక్‌కు రైలు ఉంది, జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్సులూ ఉన్నాయి. అయితే ఏడుపాయల ఊరికి దూరం, పైన చెప్పిన రీతిలో తిరగాలంటే సొంత బండి ఉండవలసిందే. మీ ప్రశ్నకైతే రామాయంపేట దారిని తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. నాలుగు వరుసల రహదారి, చీకటి పడినా భయం లేదు.

కూకట్‌పల్లి నివాసి (ప్రశ్న అడిగినవారు)

సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న వెళ్లి వచ్చాము; మరొకరికి పనికొస్తుందని జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

ఉదయం ఆరుంబావుకు బయలుదేరి, నర్సాపూర్‌లో ఇడ్లీ తిని, తొమ్మిదిలోపే ఏడుపాయల చేరుకున్నాము. గుడిలో అరగంట పట్టింది. ఆనకట్ట దగ్గర మాత్రం గంటన్నర గడిచింది. నాన్నగారు ముందు కట్ట పొడవునా చూశారు, తరువాత కాలువ తలుపుల దగ్గరికి నడిచి, "ఇది మన బెజవాడ ఆనకట్టకు తమ్ముడు, కాకపోతే పైవాడి దయ మీద బతికే తమ్ముడు" అన్నారు. సింగూరు సంగతి నేను అప్పటికింకా ఆయనకు చెప్పలేదు. చెప్పిన తరువాత, మా ఇంటి కుళాయి నీళ్ల మాట కూడా వచ్చింది. ఆయన ఏమీ అనలేదు గాని, ఈ ఉదయం మా అమ్మాయి పళ్లు తోముకుంటూ కుళాయి వదిలేస్తే వెళ్లి కట్టేసి వచ్చారు.

అక్కడి నుంచి పాపన్నపేట వైపు వెళ్లి చూద్దామని నేనే అన్నాను. మంజీర ఒడ్డు గారు రాసింది అక్షరాలా నిజం: రోడ్డుకు ఒక పక్క వడ్లు, అంచున రాళ్లు, మధ్యలో పారతో తిరగేసే ఆడవాళ్లు. ఒకచోట ఎదురుగా ట్రాక్టరు వస్తుంటే ఆగాము, నాన్నగారు దిగారు, ఇక నలభై నిమిషాలు ఎక్కలేదు. ఆ రైతుకూ ఈయనకూ యాసలో పొంతన లేదు. ఈయన "ధాన్యం" అంటే ఆయన "ఒడ్లు" అంటారు, ఈయన "దాళ్వా" అంటే ఆయన "యాసంగి" అంటారు. అయినా ఇద్దరూ తేమ శాతం గురించి ఎడతెగకుండా మాట్లాడుకున్నారు. కొనుగోలు కేంద్రంలో 17 శాతానికి మించి తేమ ఉంటే తీసుకోరు కాబట్టి నాలుగు రోజులుగా ఆరబోస్తున్నారట. నాన్నగారు గుప్పెడు తీసుకుని, ఒక గింజను పంటి కింద పెట్టి కొరికి, "ఇంకొక్క ఎండ చాలు" అన్నారు. ఆ రైతు నవ్వి, నిన్న యంత్రం 18 చూపించిందన్నారు. మా అమ్మాయి అప్పటిదాకా కారులో ఫోను చూసుకుంటూ ఉంది. ఆ మాట విని దిగి, తానూ ఒక గింజ కొరికి, ఏమీ తెలియలేదని చెప్పింది.

దారిలో మంబోజిపల్లి దగ్గర, 2015లో మూతపడిన చక్కెర కర్మాగారాన్ని కారులోంచే చూశాము. మెదక్‌లో భోజనం చేసి, కోట దగ్గర పాతరాళ్లు గారి సలహా ప్రకారం నాన్నగారిని మొదటి ద్వారం వద్ద కూర్చోబెట్టి, అమ్మాయీ నేనూ పైకి ఎక్కాము. గండభేరుండం ముందుగా అమ్మాయికే కనిపించింది, నాకు కాదు. పైన పొదలు నిజంగానే ఎక్కువ. పొడవు ప్యాంటు వేసుకోకుండా వెళ్లకండి. మూడున్నరకు చర్చి. పశ్చిమాన ఎండ ఉండగానే లోపలికి వెళ్లడం వల్ల కిటికీలు బాగా కనిపించాయి. బామ్మగారూ, మీరు చెప్పినట్టే నాన్నగారిని వెనక బెంచీ మీద వదిలేసి మేము బయటికి వచ్చాము. తిరిగి వెళ్లేసరికి పక్కన కూర్చున్న ఒక పెద్దాయనతో 1980 ఎన్నికల్లో ఇందిరాగాంధీ ఇక్కడి నుంచి గెలిచిన సంగతి గుసగుసగా మాట్లాడుతున్నారు. కొల్చారం వదిలేశాము, పోచారం మాట ఎత్తనే లేదు. రామాయంపేట దారిన ఎనిమిదింటికి ఇల్లు చేరాము. చీకటి పడేలోగా అన్నది తప్పింది.

ఇప్పుడు ఇంకొక ప్రశ్న. యాసంగి నాట్లప్పుడు మళ్లీ వెళ్దామని నాన్నగారు నిన్న రాత్రే అడిగారు. మంజీర ఒడ్డు గారూ, మీ వైపు నాట్లు ఏ వారంలో మొదలవుతాయి?

మంజీర ఒడ్డు

తేదీ నేను చెప్పలేనండి. సింగూరు నుంచి నీళ్లు వదిలిన పది రోజులకు. వదిలిన రోజు ఇక్కడ రాస్తాను.